సిమ్యులేషన్‌లో 22 డెసిబెల్లు, బోర్డు మీద 9: మధ్యలో పోయిన గెయిన్ గురించి

ముందుగా మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెబుతాను. కర్నూలులో ఈసీఈ చివరి సంవత్సరం చదువుతున్న మీరు ప్రాజెక్టు కోసం 2ఎన్3904 ట్రాన్సిస్టర్‌తో 100 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ట్యూన్డ్ యాంప్లిఫయర్ కట్టారు. కాలెక్టర్‌లో 0.17 మైక్రోహెన్రీ కాయిల్, దానికి సమాంతరంగా మొత్తం 15 పికోఫారడ్లు, కాలెక్టర్ కరెంటు 5 మిల్లీఆంపియర్లు, ఔట్‌పుట్ ఒక లింక్ కాయిల్ ద్వారా 50 ఓమ్‌లకు. ఎల్‌టీస్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో పీక్ సరిగ్గా 100 మెగాహెర్ట్జ్ దగ్గర, గెయిన్ (సిగ్నల్ ఎంత పెరిగిందన్న కొలత) 22 డెసిబెల్లు వచ్చాయి. ఇంట్లో ఫెర్రిక్ క్లోరైడ్‌తో తీసిన సింగిల్ సైడ్ బోర్డు మీద నానోవీఎన్‌ఏతో (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర సర్క్యూట్ ఎలా స్పందిస్తుందో కొలిచే చిన్న పరికరం) కొలిస్తే పీక్ 84 దగ్గర కనిపించింది, గెయిన్ 9 డెసిబెల్లే ఉంది. కాలేజీ ల్యాబ్‌లో సీఆర్‌ఓ (ఆసిలోస్కోప్) ప్రోబ్‌ను కాలెక్టర్‌కు తగిలించగానే ఆ పీక్ కాస్తా 68కి జారిపోయింది. మోడల్ తప్పా, సాఫ్ట్‌వేర్ మార్చాలా, లేక మీ మిత్రుడు అన్నట్టు మామూలు ఎఫ్‌ఆర్4 బోర్డు మానేసి హై ఫ్రీక్వెన్సీకి వాడే రోజర్స్ బోర్డు తెప్పించుకోవాలా అన్నది మీ సందేహం.

సాఫ్ట్‌వేర్ మార్చనక్కరలేదు, బోర్డు మెటీరియల్ కూడా మార్చనక్కరలేదు. ట్రాన్సిస్టర్ మోడల్‌లో లోపం ఉన్న మాట నిజమే గాని, మీకు కనిపించిన తేడాలో దాని వాటా తక్కువ. ఎక్కువ వాటా మీరు గీయకుండా వదిలేసిన వాటిది, అంటే భాగాల కాళ్లది, ట్రాక్‌లది, కాయిల్ నష్టానిది, చివరికి కొలిచే పరికరానిది. సిమ్యులేటర్ మీరు గీసిన సర్క్యూట్‌కు సరైన సమాధానమే ఇచ్చింది, కాకపోతే మీరు కట్టింది ఆ సర్క్యూట్ కాదు. తక్కువ ఫ్రీక్వెన్సీలో ఈ రెండు సర్క్యూట్లకూ పెద్దగా తేడా ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. వంద మెగాహెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి అదే తేడా ఫలితాన్ని శాసిస్తుంది. అదృష్టవశాత్తూ మీరు ఇచ్చిన మూడు అంకెలతోనే ఈ సంగతిని చాలావరకు లెక్కగట్టి చూపవచ్చు.

మీరు విసుగ్గా రాసిన ఆ 68 నిజానికి మీ దగ్గరున్న అత్యంత విలువైన కొలత. టెన్ ఎక్స్ (సిగ్నల్‌ను పదో వంతుకు తగ్గించే) స్థానంలో ఉన్న ప్రోబ్ కొనకు సుమారు 10 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. దాన్ని కాలెక్టర్‌కు తగిలించడమంటే ట్యాంక్ సర్క్యూట్‌కు, అంటే కాయిల్, కెపాసిటర్ కలిసిన జతకు, తెలిసిన విలువ గల కెపాసిటర్ ఒకటి అదనంగా కలిపినట్టే. రెజొనెన్స్ ఫ్రీక్వెన్సీ వర్గం కెపాసిటెన్స్‌కు విలోమానుపాతంలో ఉంటుంది కనుక, 84ను 68తో భాగించి వర్గం చేస్తే 1.526 వస్తుంది, అంటే 10 పికోఫారడ్లు కలపడం వల్ల మొత్తం కెపాసిటెన్స్ 52.6 శాతం పెరిగిందన్నమాట. కాబట్టి ప్రోబ్ లేనప్పుడు మీ ట్యాంక్‌లో వాస్తవంగా ఉన్నది 10ని 0.526తో భాగిస్తే వచ్చే 19 పికోఫారడ్లు. కెపాసిటెన్స్ తెలిసింది, ఫ్రీక్వెన్సీ 84 అని తెలుసు, ఆ రెండింటి నుంచి ఇండక్టెన్స్ 0.189 మైక్రోహెన్రీ అని తేలుతుంది. మీరు గీసింది 15 పికోఫారడ్లు, 0.17 మైక్రోహెన్రీలు. బోర్డు మీద ఉన్నది 19 పికోఫారడ్లు, 0.189 మైక్రోహెన్రీలు. ఈ కొత్త విలువలను సిమ్యులేషన్‌లో పెట్టి చూడండి, పీక్ 84 దగ్గరే వస్తుంది. ట్రాన్సిస్టర్ మోడల్‌ను అసలు ముట్టుకోకుండానే ఫ్రీక్వెన్సీ తేడా మొత్తం తీరిపోయింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రోబ్‌కు వేలాడే మొసలి క్లిప్పు గ్రౌండ్ తీగ పొడవుగా ఉంటే దానికి 100 నానోహెన్రీల దాకా ఇండక్టెన్స్ ఉంటుంది, ప్రోబ్‌లోని 10 పికోఫారడ్లతో కలిసి అది 159 మెగాహెర్ట్జ్ దగ్గర రెజొనేట్ అవుతుంది. ఆ ప్రభావం 68 మెగాహెర్ట్జ్ దగ్గరే మొదలై, 10 పికోఫారడ్లు కాస్తా 12 పికోఫారడ్లలా కనిపిస్తాయి, పై లెక్క అంతా ఆ మేరకు పక్కకు జరుగుతుంది. అందుకని ఈ కొలతను ప్రోబ్‌తో కాకుండా, ఎన్‌పీ0 రకం (వేడికి విలువ దాదాపు మారని) 10 పికోఫారడ్ చిప్ కెపాసిటర్‌ను కాయిల్‌కు సమాంతరంగా సోల్డర్ చేసి, నానోవీఎన్‌ఏతోనే మళ్లీ చేయండి. సీఆర్‌ఓ ప్రోబ్‌తో ఇలాంటి సర్క్యూట్ కాలెక్టర్‌ను కొలవడం నా దృష్టిలో కొలత కిందికి రాదు. 100 మెగాహెర్ట్జ్ దగ్గర 10 పికోఫారడ్లంటే 159 ఓమ్‌ల రియాక్టెన్స్, అంత బరువును సర్క్యూట్ నెత్తిన పెట్టి దాని సహజ స్వభావం తెలుసుకోలేము.

అదనంగా తేలిన 4 పికోఫారడ్లు, 19 నానోహెన్రీలు ఎక్కడివంటే, సన్నని తీగకు మిల్లీమీటరుకు రమారమి ఒక నానోహెన్రీ, కొంచెం తక్కువగానే, వేసుకోవచ్చు. మీ ఫోటోలో ట్రిమ్మర్ నుంచి కాయిల్ దాకా పోయి తిరిగి వచ్చే దారి రెండు సెంటీమీటర్లకు పైనే ఉంది. కాలెక్టర్ ట్రాక్ పక్కనే పోతున్న సప్లై ట్రాక్, కాయిల్ చుట్ల మధ్య ఉండే కెపాసిటెన్స్, ట్రాన్సిస్టర్ కాళ్ల మధ్య ఉండేది, అన్నీ కలిస్తే నాలుగు పికోఫారడ్లు ఏమంత ఎక్కువ కాదు. ఇదే సర్క్యూట్‌ను బ్రెడ్‌బోర్డ్ మీద పెట్టి ఉంటే పక్కపక్క పట్టీల మధ్యనే ఒక్కో చోట రెండు మూడు పికోఫారడ్లు చేరేవి, అప్పుడు పీక్ ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చేది.

ఇక గెయిన్ సంగతి. ఇందులో అన్నిటికంటే ముందు చూడవలసిన చోటు ఎమిటర్. మీ స్కీమాటిక్‌లో ఎమిటర్ నుంచి 100 నానోఫారడ్ బైపాస్ కెపాసిటర్ నేరుగా గ్రౌండ్‌కు పోతుంది, మధ్యలో ఇంకేమీ లేదు. బోర్డు మీద చూస్తే ట్రాన్సిస్టర్ ఎమిటర్ కాలు 5 మిల్లీమీటర్లు, డిస్క్ కెపాసిటర్ రెండు కాళ్లూ చెరో 5 మిల్లీమీటర్లు, ఆపైన గ్రౌండ్ ట్రాక్ కొంచెం ఉన్నాయి. అన్నీ కలిపి 15 నానోహెన్రీలు అనుకుందాం. 5 మిల్లీఆంపియర్ల దగ్గర ట్రాన్సిస్టర్ సొంత ఎమిటర్ రెసిస్టెన్స్ 26 మిల్లీవోల్టులను 5 మిల్లీఆంపియర్లతో భాగిస్తే వచ్చే 5.2 ఓమ్‌లు. 15 నానోహెన్రీల రియాక్టెన్స్ 100 మెగాహెర్ట్జ్ దగ్గర 9.4 ఓమ్‌లు. అంటే మీరు గీయని ఆ కాలు ట్రాన్సిస్టర్ లోపలి రెసిస్టెన్స్ కంటే పెద్దదై కూర్చుంది. ఇదే సర్క్యూట్‌ను ఆకాశవాణి కడప కేంద్రం వచ్చే 900 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్ కోసం కట్టి ఉంటే అదే కాలు 0.085 ఓమ్‌లు మాత్రమే అయ్యేది. సిమ్యులేషన్‌కూ బోర్డుకూ తేడా వెతికినా దొరికేది కాదు.

పైగా ఎమిటర్‌లోని ఇండక్టెన్స్ వట్టి రియాక్టెన్స్‌గా ఊరుకోదు. ఎఫ్‌టీకి, అంటే ట్రాన్సిస్టర్ కరెంట్ గెయిన్ ఒకటికి పడిపోయే ఫ్రీక్వెన్సీకి, దగ్గరపడుతున్నప్పుడు ఆ కరెంట్ గెయిన్ 90 డిగ్రీలు వెనకబడి ఉంటుంది కాబట్టి, ఎమిటర్‌లోని ఇండక్టెన్స్ బేస్ వైపు నుంచి చూసేవారికి అసలు సిసలు రెసిస్టెన్స్‌లా కనిపిస్తుంది. దాని విలువ ఎఫ్‌టీని 2 పైతో, ఇండక్టెన్స్‌తో గుణిస్తే వస్తుంది. ఎఫ్‌టీ 300 మెగాహెర్ట్జ్ అనుకుంటే 15 నానోహెన్రీలకు అది 28 ఓమ్‌లు. ఈ లెక్కను పూర్తిగా చేసి చూశాను. ఆ కాలు లేనప్పుడు బేస్ దగ్గర ఇన్‌పుట్ ఇంపిడెన్స్ పరిమాణం 22 ఓమ్‌ల దగ్గర ఉంటే, కాలు చేరాక 44 ఓమ్‌లకు పోతుంది. తక్కువ ఇంపిడెన్స్ గల మూలంతో నడిపితే గెయిన్ సగమైపోతుంది, అంటే 6 డెసిబెల్లు. మీరు 50 ఓమ్‌ల నానోవీఎన్‌ఏ నుంచి నడిపారు కాబట్టి నష్టం 3 డెసిబెల్లతో ఆగింది. ఒక చిన్న లాభం కూడా లేకపోలేదు. మీ ఇన్‌పుట్ మ్యాచింగ్ అనుకున్నదానికంటే బాగుందని రాశారు, అది ఈ రెసిస్టెన్స్ వల్లే, యాదృచ్ఛికం కాదు. తక్కువ నాయిస్ యాంప్లిఫయర్లు డిజైన్ చేసేవారు ఎమిటర్‌లో కావాలనే కొంచెం ఇండక్టెన్స్ పెట్టేది ఇందుకే.

ఆ 100 నానోఫారడ్ కెపాసిటర్ గురించి కూడా ఒక మాట. 15 నానోహెన్రీల దారిలో అది 4.1 మెగాహెర్ట్జ్ దగ్గరే రెజొనేట్ అయిపోతుంది. అంతకు పైన అది పేరుకే కెపాసిటర్, చేసేది ఇండక్టర్ పని. విలువ పెంచితే బైపాస్ మెరుగవుతుందని 1 మైక్రోఫారడ్ పెట్టినా 100 మెగాహెర్ట్జ్ దగ్గర ఏమీ మారదు, ఎందుకంటే అక్కడ మిగిలేది కాళ్ల ఇండక్టెన్స్ ఒక్కటే. ఎల్‌టీస్పైస్‌లో కెపాసిటర్ మీద రైట్ క్లిక్ చేస్తే సిరీస్ ఇండక్టెన్స్, సిరీస్ రెసిస్టెన్స్ నింపడానికి గడులు ఉంటాయి, దాదాపు అందరూ వాటిని ఖాళీగా వదిలేస్తారు. అవి ఖాళీగా ఉన్నంతసేపు మీ కెపాసిటర్ గిగాహెర్ట్జ్ దాకా కెపాసిటర్‌గానే ఉంటుంది. అలాంటి కెపాసిటర్ ఏ అంగడిలోనూ దొరకదు. కాళ్లు తప్పనిసరి అయినప్పుడు పాత రేడియో వాళ్లు ఇంకో దారి పట్టేవారు. కాళ్లతో కలిసి సరిగ్గా పనిచేయవలసిన ఫ్రీక్వెన్సీ దగ్గరే సిరీస్ రెజొనెన్స్ వచ్చేలా కెపాసిటర్ విలువను ఎంచుకునేవారు. ఉదాహరణకు 5 నానోహెన్రీల కాళ్లతో 470 పికోఫారడ్లు 104 మెగాహెర్ట్జ్ దగ్గర దాదాపు షార్ట్ అవుతుంది. అయితే ఇది ఇరుకైన బ్యాండ్‌కే పనికొస్తుంది. మీరు ఈ రోజుల్లో చేయవలసింది మాత్రం 0805 సైజు 1 నానోఫారడ్ చిప్‌ను ఎమిటర్ కాలు మొదట్లోనే సోల్డర్ చేయడం.

ఇప్పుడు మోడల్ దగ్గరికి వద్దాం. దాని తప్పులు కూడా ఉన్నాయి, అవి చూసే పద్ధతి తెలిస్తే కనబడతాయి. 2ఎన్3904కు విరివిగా తిరిగే మోడల్ ఫైలు తెరిస్తే టీఎఫ్ అనే పారామీటర్ 301.2 పికోసెకన్లని ఉంటుంది. ఇది ఎలక్ట్రాన్లు బేస్‌ను దాటడానికి పట్టే సమయం. ఒకటిని 2 పైతో, ఈ సమయంతో భాగిస్తే 528 మెగాహెర్ట్జ్ వస్తుంది, మోడల్ ప్రకారం ఎఫ్‌టీ చేరగలిగిన గరిష్ఠ పరిమితి అది. జంక్షన్ కెపాసిటెన్స్‌లు కూడా కలిపితే మీ 5 మిల్లీఆంపియర్ల దగ్గర సుమారు 450 ఉంటుంది. డేటాషీట్ హామీ ఇచ్చేది 10 మిల్లీఆంపియర్లు, 20 వోల్టుల దగ్గర కనీసం 300 మెగాహెర్ట్జ్. అంటే మోడల్‌లో ఉన్నది చురుకైన ట్రాన్సిస్టర్, మీ చేతిలో ఉన్నది దానికి సాటి రావచ్చు, కనీస హామీకి దగ్గరగానూ ఉండవచ్చు. ఎఫ్‌టీ 450 అయితే 100 మెగాహెర్ట్జ్ దగ్గర కరెంట్ గెయిన్ 4.5, ఎఫ్‌టీ 300 అయితే 3. ఆ ఒక్క తేడాతోనే మూడున్నర డెసిబెల్లు పోతాయి. కోఠి గుజరాతీ గల్లీలోనో బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో ఒకే నంబరు అడిగి తెచ్చుకున్న పది ట్రాన్సిస్టర్లలో ఇద్దరు ముగ్గురు తయారీదారులవి కలిసి ఉండటం మామూలే. నంబరు ఒకటే అయినా లోపలి డై వేరు, మోడల్ మాత్రం వాటిలో ఏదో ఒకదానిది.

కాలెక్టర్ బేస్ కెపాసిటెన్స్‌లోనూ ఇదే కథ. మోడల్‌లో దీన్ని చెప్పే పారామీటర్ సీజేసీ 3.638 పికోఫారడ్లు. అది సున్నా వోల్టుల దగ్గరి విలువ, 5 వోల్టుల రివర్స్ బయాస్ దగ్గర 1.9కి తగ్గుతుంది. డేటాషీట్ అదే 5 వోల్టుల దగ్గర 4 పికోఫారడ్ల వరకు ఉండవచ్చని రాస్తుంది. కాలెక్టర్ నుంచి బేస్‌కు వెనక్కి పోయే ఫీడ్‌బ్యాక్ దారి ఇదే కాబట్టి ఇది రెట్టింపైతే గెయిన్ తగ్గడంతో ఆగదు, ట్యూనింగ్‌ను బట్టి సర్క్యూట్ ఆసిలేటర్‌గా మారే ప్రమాదం కూడా పెరుగుతుంది.

మోడల్ ఫైలు నమ్మదగినదా కాదా అని చూడటానికి నాకొక అలవాటు ఉంది. ముందు గుండ్రటి సంఖ్యల కోసం చూస్తాను. ఈ మోడల్‌లో బేస్ రెసిస్టెన్స్ ఆర్‌బీ సరిగ్గా 10, కాలెక్టర్ రెసిస్టెన్స్ సరిగ్గా 1. టీఎఫ్‌కు నాలుగు అంకెల కచ్చితత్వం ఉండి ఆర్‌బీ సరిగ్గా 10 అయిందంటే, ఆ రెసిస్టెన్స్‌ను ఎవరూ కొలవలేదని, ఖాళీ వదలకూడదని ఒక అంకె వేశారని అర్థం చేసుకోవాలి. మోడల్ చేసినవారిని తప్పుపట్టడానికి లేదు, ఆ ట్రాన్సిస్టర్‌ను స్విచ్చింగ్‌కు, ఆడియోకు వాడేవారి కోసం చేసిన మోడల్ అది, వారికి ఆర్‌బీ ఎంతైనా ఒకటే. హై ఫ్రీక్వెన్సీలో మాత్రం ఇన్‌పుట్ ఇంపిడెన్స్‌నూ, నాయిస్‌నూ నిర్ణయించేది ఆ రెసిస్టెన్సే. అలాగే పీటీఎఫ్ అని ఎక్సెస్ ఫేజ్ పారామీటర్ ఒకటుంది, చాలా ఫైళ్లలో దాని ఊసే ఉండదు, లేకపోతే సిమ్యులేటర్ దాన్ని సున్నాగా తీసుకుంటుంది. నిజమైన ట్రాన్సిస్టర్‌లో ఎఫ్‌టీలో మూడో వంతు దాటాక ఫేజ్ మోడల్ చెప్పినదానికంటే ఎక్కువే వెనకబడుతుంది, ఫీడ్‌బ్యాక్ ఉన్న యాంప్లిఫయర్లలో స్థిరత్వం లెక్క అక్కడ తప్పుతుంది.

ఈ మోడల్‌కు పునాది 1970లో బెల్ ల్యాబ్స్‌లో వచ్చిన గమ్మెల్-పూన్ సమీకరణాలు. ఎల్‌టీస్పైస్‌కు మూలమైన స్పైస్ ప్రోగ్రాం బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో 1970ల మొదట్లో లారెన్స్ నేగెల్, డొనాల్డ్ పెడర్సన్‌ల చేతుల్లో తయారైంది, దాని ప్రధాన ఉద్దేశం ఒకే సిలికాన్ ముక్క మీద ఉండే ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ల లెక్క. ఆ ముక్క మీద కాళ్లు ఉండవు, దూరాలు మైక్రాన్లలో ఉంటాయి, కాబట్టి తీగ అంటే ఇండక్టెన్స్ లేని గీత, నోడ్ అంటే పరిమాణం లేని బిందువు అనుకోవడంలో తప్పు లేదు. మీరు అదే ప్రోగ్రాంలో అరచేతి అంత బోర్డును గీస్తున్నారు. గ్రామ నక్షాలో చేను హద్దులు కొలతలతో సహా ఉంటాయి గాని వాన పడితే నీళ్లు ఎటు వాలుతాయో ఉండదు, స్కీమాటిక్ కూడా అంతవరకే చెబుతుంది.

గెయిన్‌లో మిగిలిన తేడా కాయిల్ దగ్గర పోయింది. ఎల్‌టీస్పైస్ ఇండక్టర్‌కు మీరు ఏమీ ఇవ్వకపోతే తనంతట తాను ఒక మిల్లీఓమ్ సిరీస్ రెసిస్టెన్స్ వేసుకుంటుంది. మీ కాయిల్ రియాక్టెన్స్ 107 ఓమ్‌లు కనుక క్యూ (రియాక్టెన్స్‌ను నష్టపు రెసిస్టెన్స్‌తో భాగిస్తే వచ్చేది) లక్షకు పైన ఉన్నట్టు లెక్క. చేత్తో చుట్టిన చిన్న కాయిల్‌కు వంద క్యూ వస్తే మంచి కాయిల్ అంటాము. కరెంటు పోయే పైపొర మందం, అంటే స్కిన్ డెప్త్, రాగిలో 1 మెగాహెర్ట్జ్ దగ్గరే 66 మైక్రాన్లు, 100 మెగాహెర్ట్జ్ దగ్గర 6.6 మైక్రాన్లే, తీగ ఎంత లావుదైనా కరెంటు పైపొరలోనే పోతుంది, అందుకని మల్టీమీటర్‌తో కొలిచిన డీసీ రెసిస్టెన్స్ ఇక్కడ పనికిరాదు. ఇక లింక్ కాయిల్ కప్లింగ్‌కు మీరు కే విలువ 1 ఇచ్చారు. గాలి కోర్‌తో, ప్రైమరీ చివర చుట్టిన రెండు చుట్లకు అది సగం దగ్గర ఉంటుందేమో. ఎమిటర్ 3 డెసిబెల్లు, ఎఫ్‌టీ మూడున్నర, ఈ రెండూ పోగా 13లో మిగిలే ఆరున్నర డెసిబెల్లను కాయిల్ నష్టం, బలహీనమైన కప్లింగ్ కలిసి సునాయాసంగా మింగేస్తాయి. సిమ్యులేషన్‌లో కాయిల్‌కు 1 ఓమ్ సిరీస్ రెసిస్టెన్స్, కేకు 0.5 ఇచ్చి చూస్తే మీకే తెలుస్తుంది.

రోజర్స్ బోర్డు గురించి మీ మిత్రుడి సలహా ఈ ఫ్రీక్వెన్సీకి వర్తించదు. ఎఫ్‌ఆర్4 మీద 100 మెగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం సుమారు 1.65 మీటర్లు, మీ బోర్డు 5 సెంటీమీటర్లు, అంటే అందులో ముప్పైమూడో వంతు. అంత చిన్న దూరానికి ట్రాక్‌ను ట్రాన్స్‌మిషన్ లైన్‌గా చూడవలసిన అవసరం లేదు, మామూలు ఇండక్టర్‌గా, కెపాసిటర్‌గా గీస్తే చాలు. ఎఫ్‌ఆర్4 నష్టం కూడా ఇక్కడ మీ కాయిల్ నష్టం ముందు లెక్కలోకి రాదు. ఒక గిగాహెర్ట్జ్‌కు పోతే తరంగదైర్ఘ్యం 16.5 సెంటీమీటర్లకు తగ్గుతుంది, అప్పుడు ఒకటిన్నర సెంటీమీటర్ల ట్రాక్ కూడా లైనే అవుతుంది, 1.6 మిల్లీమీటర్ల బోర్డు మీద 50 ఓమ్‌లకు ట్రాక్ వెడల్పు 3 మిల్లీమీటర్ల దగ్గర పెట్టుకోవాలి, డైఎలెక్ట్రిక్ స్థిరాంకం 4.2 అనాలా 4.7 అనాలా అన్న చర్చ కూడా అప్పుడే మొదలవుతుంది. మీకు డబ్బు ఖర్చు చేయాలని ఉంటే రోజర్స్ మీద కాకుండా డబుల్ సైడ్ కాపర్ క్లాడ్ మీద పెట్టండి, కింది రాగి మొత్తం గ్రౌండ్‌గా వదిలేయండి. ఆ ఒక్క మార్పుతో మీ గ్రౌండ్ ఇండక్టెన్స్ సగానికి పైగా పోతుంది.

తర్వాతి దశలో బీఎఫ్‌ఆర్93ఏ ట్రాన్సిస్టర్ తీసుకుని ఎస్-పారామీటర్ ఫైలుతో (ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర ట్రాన్సిస్టర్ సిగ్నల్‌ను ఎంత దాటిస్తుందో, ఎంత తిప్పికొడుతుందో రాసిన పట్టికతో) డిజైన్ చేస్తే ఈ గొడవ ఉండదు కదా అని కూడా అడిగారు. ఎఫ్‌టీ 6 గిగాహెర్ట్జ్ గల ట్రాన్సిస్టర్ కాబట్టి 100 మెగాహెర్ట్జ్ దగ్గర ట్రాన్సిస్టర్ వేగం సమస్య పోతుంది. కానీ ఎస్-పారామీటర్ ఫైలు ఏమి చెబుతుందో, ఏమి చెప్పదో తెలుసుకుని వాడాలి. అది తయారీదారు నిజంగా కొలిచిన ఫలితం, ఆ మేరకు ఏ సమీకరణం కంటే నమ్మదగినది. అయితే అది ఒకే కాలెక్టర్ వోల్టేజీ, ఒకే కరెంటు దగ్గర కొలిచింది, మీ బయాస్ వేరైతే ఆ ఫైలు మీది కాదు. సిగ్నల్ చాలా చిన్నదిగా ఉన్నప్పుడు కొలిచింది, కాబట్టి క్లిప్పింగ్, హార్మోనిక్స్, ఇంటర్‌మాడ్యులేషన్ అందులో ఉండవు. ఫైలు మొదలయ్యే ఫ్రీక్వెన్సీకి కింద సాఫ్ట్‌వేర్ ఊహించి నింపుకుంటుంది, తక్కువ ఫ్రీక్వెన్సీలో ఆసిలేషన్ వస్తుందా అన్నది సరిగ్గా ఆ ఊహించిన భాగంలోనే ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా ఎమిటర్‌ను శుభ్రంగా గ్రౌండ్ చేసిన ఫిక్స్‌చర్‌లో ఆ కొలత తీశారు. మీ బోర్డు మీద ఎమిటర్ దారిలో ఉన్న ఇండక్టెన్స్‌ను మీరే విడిగా కలపాలి, కలపకపోతే ఇప్పుడు పడిన చోటే మళ్లీ పడతారు. 6 గిగాహెర్ట్జ్ ఎఫ్‌టీకి ఒక్క నానోహెన్రీ కూడా బేస్ దగ్గర 38 ఓమ్‌లుగా కనిపిస్తుందని గుర్తుంచుకోండి. వేగవంతమైన ట్రాన్సిస్టర్ మీ కాళ్ల పొడవును ఇంకా తక్కువ సహిస్తుంది. ఎల్‌టీస్పైస్ ఇలాంటి ఫైళ్లను నేరుగా చదవదు, క్యూక్స్ అనే సిమ్యులేటర్ ఉచితంగా దొరుకుతుంది, అది చదువుతుంది. ఈ తరహా ట్రాన్సిస్టర్లకు తయారీదారులు ప్యాకేజీ ఇండక్టెన్స్‌లు, కెపాసిటెన్స్‌లు కలిపిన స్పైస్ మోడల్ కూడా ఇస్తారు, బయాస్ మార్చి చూడాలంటే అదే వాడండి.

లక్షల ఖరీదు చేసే సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇదే గమ్మెల్-పూన్ ఫైలు పెడితే ఇదే సమాధానం వస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ బలం బోర్డు లేఅవుట్ నుంచి ఇండక్టెన్స్‌లను, కప్లింగ్‌లను విద్యుదయస్కాంత సమీకరణాలతో లెక్కగట్టడంలో ఉంది, మీ బోర్డు మీద ఉన్న నాలుగు ముఖ్యమైన దారులకు స్కేలు, మిల్లీమీటరుకు ఒక నానోహెన్రీ సూత్రం చాలు. ఒకటి మాత్రం గమనించండి. ఏసీ అనాలిసిస్ సర్క్యూట్‌ను పూర్తి లీనియర్‌గా తీసుకుంటుంది, అందులో 22 డెసిబెల్లు కనిపించినంత మాత్రాన పెద్ద సిగ్నల్ ఇచ్చినా అంత వస్తుందని కాదు. ట్రాన్సియెంట్ అనాలిసిస్ చేసేటప్పుడు గరిష్ఠ స్టెప్‌ను 0.1 నానోసెకన్‌కు మించనివ్వకండి, 100 మెగాహెర్ట్జ్ ఒక చక్రానికి 10 నానోసెకన్లే కదా. ఆప్-ఆంప్ మోడల్స్ మీద హై ఫ్రీక్వెన్సీలో ఇంకా తక్కువ నమ్మకం పెట్టుకోండి, వాటిలో చాలావరకు 1974 నాటి బాయిల్ మాక్రోమోడల్ సంతతివే, లోపలి ట్రాన్సిస్టర్లకు బదులు ఒకటి రెండు పోల్స్ పెట్టి పైపై ప్రవర్తనను అనుకరిస్తాయి.

ఉష్ణోగ్రత గురించి మీరు అడగలేదు గాని, మే నెలలో ప్రాజెక్టు చూపించబోతున్నారు కాబట్టి చెబుతున్నాను. మీరు మార్చకపోతే స్పైస్ అంతా 27 డిగ్రీల దగ్గర లెక్కవేస్తుంది. కర్నూలు ఎండాకాలంలో ఏసీ లేని ల్యాబ్‌లో, మూత పెట్టిన డబ్బా లోపల ఆ అంకె ఎక్కడో పైన ఉంటుంది. ట్యాంక్‌లో ఎన్‌పీ0 కెపాసిటర్ కాకుండా దొరికిన డిస్క్ పెట్టి ఉంటే పీక్ ఆ రోజు ఇంకొంచెం జరుగుతుంది.

చేయవలసిన క్రమం ఇలా పెట్టుకోండి. ముందు సిమ్యులేషన్‌లో మోడల్ ఎఫ్‌టీని విడిగా చూడండి. కాలెక్టర్‌ను డీసీ సప్లైకి నేరుగా కట్టి, బేస్‌లోకి కరెంట్ సోర్స్ ద్వారా బయాస్‌తో పాటు ఏసీ ఇచ్చి, కాలెక్టర్ కరెంటును బేస్ కరెంటుతో భాగించి ప్లాట్ చేస్తే అది ఒకటికి పడే చోటే ఎఫ్‌టీ. అది 300కు దగ్గరగా వచ్చేదాకా టీఎఫ్‌ను పెంచి ఫైలును వేరే పేరుతో దాచుకోండి, అది మీ ట్రాన్సిస్టర్ బాగా లేకపోతే ఏమవుతుందో చూపే మోడల్. ఆ తర్వాత ఎమిటర్‌లో 15 నానోహెన్రీలు, ట్యాంక్‌కు 4 పికోఫారడ్లు, 19 నానోహెన్రీలు, కాయిల్‌కు నష్టం, కే 0.5 ఒక్కొక్కటిగా కలుపుతూ గెయిన్ ఎంతెంత తగ్గుతుందో రాసుకోండి. అన్నీ కలిపి సిమ్యులేషన్ 9 డెసిబెల్లకు దగ్గరగా వస్తే, ఇకనుంచి ఆ సిమ్యులేషన్‌లో మార్చి చూసినది బోర్డు మీద కూడా అలాగే మారుతుందని ధైర్యంగా నమ్మవచ్చు. ఇంత చేశాక కూడా 3 డెసిబెల్లకు మించి తేడా మిగిలితే ట్రాన్సిస్టర్‌ను మార్చి, అదే బోర్డు మీద మళ్లీ కొలవండి.

నానోవీఎన్‌ఏను కాలిబ్రేట్ చేసేటప్పుడు షార్ట్, ఓపెన్, లోడ్ మూడింటినీ కేబుల్ చివర, అంటే బోర్డుకు తగిలించే చోట పెట్టి చేయండి, పరికరం పోర్టు దగ్గర కాదు. పోర్టు దగ్గరే చేసి ఆ తర్వాత కేబుల్ తగిలిస్తే ఆ కేబుల్ కూడా మీ సర్క్యూట్‌లో భాగమవుతుంది, ఇన్‌పుట్ ఇంపిడెన్స్ చదివేది పూర్తిగా వేరే అంకె అవుతుంది. ఎమిటర్ దగ్గర చిప్ కెపాసిటర్ పెట్టాక వచ్చిన గెయిన్, 10 పికోఫారడ్ చిప్ ఉన్నప్పుడూ లేనప్పుడూ వచ్చిన రెండు పీక్‌లు, ఇవి రాయండి. కాలెక్టర్ బేస్ ఫీడ్‌బ్యాక్‌ను న్యూట్రలైజ్ (ఎదురు సిగ్నల్‌తో రద్దు) చేయాలా, అక్కర్లేదా అన్నది వాటిని చూశాక చెప్పగలను.